పోలింగ్ రోజుకు ముందే ముగిసిపోయే ఎన్నిక: అమెరికా స్వతంత్ర ఓటరుకు రెండు పార్టీల మీదా కోపం ఎందుకు?

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చాయంటే మన మీడియా ఊళ్లు వెతుక్కుంటుంది. 2024లో కమలా హారిస్ తల్లి వైపు తాతగారి ఊరని తమిళనాడులోని తులసేంద్రపురం గుడి పూజలు చూపించారు. జేడీ వాన్స్ భార్య ఉష పూర్వీకుల ఊరని పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు వార్తల్లోకెక్కింది. ఏ పార్టీ గెలిచినా ‘మనవాళ్లే’ గెలిచినట్టు! ఆ ‘మన’లో ఎవరున్నారు, ఎవరు లేరు అనేది వేరే చర్చ. ఆ హడావుడిలో మనకు పనికొచ్చే ఒక విషయం మాత్రం పక్కకు పోయింది.

గ్యాలప్ సంస్థ 2024 పొడవునా చేసిన సర్వేల సగటు చూడండి. తాము డెమోక్రాట్లమని చెప్పుకున్నవారు 28 శాతం. రిపబ్లికన్లమని చెప్పుకున్నవారు 28 శాతం. ఏ పార్టీకీ చెందని స్వతంత్రులమని చెప్పుకున్నవారు 43 శాతం. అంటే అమెరికాలో అతి పెద్ద ‘పార్టీ’ ఏ పార్టీ లేనివాళ్లదే. అయినా ఆ ఏడాది ప్రతినిధుల సభకు ఎన్నికైన 435 మందిలో స్వతంత్రుడు ఒక్కరూ లేరు. వంద మంది సెనేట్‌లో ఇద్దరున్నారు, వాళ్లూ డెమోక్రాట్ల పక్షానే కూర్చుంటారు.

ఇంతమందికి రెండు పార్టీల మీదా విసుగు ఉంటే మూడో దారి ఎందుకు తెరుచుకోవడం లేదు? జనం బద్ధకమా, భయమా? ఎన్నికల ఏర్పాటులోనే ఏదైనా ఉందా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే 1932 పూనా ఒడంబడిక దాకా రావాల్సి వచ్చింది. ఆ దారిని ఇక్కడ వివరిస్తున్నాం.

స్వతంత్ర ఓటరు ఎవరు?

మన దగ్గర ఓటరుగా నమోదయ్యే ఫారంలో పార్టీ పేరు రాసే గడి ఉండదు. అమెరికాలో దాదాపు 30 రాష్ట్రాల్లో ఉంటుంది. డెమోక్రాట్, రిపబ్లికన్, ఏ పార్టీ కాదు - ఏదో ఒకటి నమోదు చేసుకోవాలి. ఆ గడిలో ‘ఏ పార్టీ కాదు’ అని పెట్టినవాళ్లూ, నమోదు ఎలా ఉన్నా మనసులో ఏ పార్టీనీ తమదనుకోనివాళ్లూ కలిస్తే స్వతంత్ర ఓటర్లు. యువతలో వీళ్ల వాటా మరీ ఎక్కువ.

వీళ్లంతా గోడ మీద పిల్లులని అనుకుంటే పొరపాటు. ‘ఏదో ఒక వైపు మొగ్గు ఉందా?’ అని రెండోసారి అడిగితే చాలామంది ఉందనే అంటారు. ఏ వైపూ మొగ్గనివారు మొత్తం జనంలో పదిమందికి ఒకరే. కాబట్టి వీళ్లకు అభిప్రాయాలు లేక కాదు. అభిప్రాయాలున్నాయి, వాటిని ఏ పార్టీ చేతిలో పెట్టాలో తెలియడం లేదు.

మిస్సోరి రాష్ట్రం ఇందుకు మంచి ఉదాహరణ. 2024 నవంబరులో ఆ రాష్ట్ర ఓటర్లు ట్రంప్‌ను భారీ ఆధిక్యంతో గెలిపించారు. అదే బ్యాలెట్ మీద కనీస వేతనాన్ని గంటకు 15 డాలర్లకు పెంచే ప్రతిపాదనను గెలిపించారు. గర్భస్రావ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే సవరణనూ గెలిపించారు. 2020లో ఫ్లోరిడాలోనూ అంతే. ట్రంప్ గెలిచిన రోజే 15 డాలర్ల కనీస వేతనానికి 60 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ఒక్కో ప్రశ్నను విడిగా అడిగితే జనం ఇచ్చే జవాబు వేరు, రెండు మూటల్లో ఒకటి ఎత్తుకోమంటే వచ్చే జవాబు వేరు.

కోపం దేని మీద?

ఆ కనీస వేతనం సంగతే తీసుకుందాం. దేశం మొత్తానికి వర్తించే కనీస వేతనం 2009 జులైలో గంటకు 7.25 డాలర్లయింది. ఆ తర్వాత పదిహేనేళ్లు గడిచినా అక్కడే ఉండిపోయింది. ఈ మధ్యలో అధ్యక్ష పదవి, చట్టసభలు రెండూ ఒకే పార్టీ చేతిలో ఉన్న కాలాలు డెమోక్రాట్లకూ వచ్చాయి, రిపబ్లికన్లకూ వచ్చాయి. 2021 మార్చిలో 15 డాలర్ల ప్రతిపాదన సెనేట్‌లో ఓటింగుకు వస్తే 42-58తో ఓడిపోయింది. రిపబ్లికన్లు మొత్తం 50 మంది వద్దన్నారు. వాళ్లతో పాటు డెమోక్రాట్ల పక్షాన కూర్చునే ఎనిమిది మంది కూడా వద్దన్నారు. హోటల్లో, గిడ్డంగిలో గంటల లెక్కన పనిచేసే మనిషికి ఈ ఓటింగు చూశాక ఏమనిపిస్తుంది? ఒక పార్టీ ఇవ్వనని ముఖం మీదే చెప్పింది, రెండో పార్టీ ఇస్తానని చెప్పి ఇవ్వలేదు.

నియోజకవర్గాల హద్దుల విషయం చూడండి. మామూలుగా పదేళ్లకోసారి జనగణన తర్వాత హద్దులు మారుస్తారు. 2025లో టెక్సస్ రిపబ్లికన్లు మధ్యలోనే హద్దులు తిరగరాశారు, తమకు ఐదు సీట్లు పెరిగేలా. దానికి బదులుగా కాలిఫోర్నియా డెమోక్రాట్లు తమకు ఐదు సీట్లు పెరిగేలా కొత్త హద్దులు ప్రతిపాదించి, నవంబరులో జనం ఓటుతో ఆమోదింపజేసుకున్నారు. ఎవరు ముందు మొదలుపెట్టారన్నది ముఖ్యమైన ప్రశ్నే. కానీ ఇద్దరి పనికీ ఫలితం ఒకటే: ఓటరు నాయకుణ్ణి ఎంచుకునే ముందు నాయకుడు ఓటర్లను ఎంచుకుంటాడు. 435 స్థానాల్లో నిజంగా హోరాహోరీగా పోటీ జరిగేవి కొన్ని పదులే.

మూడో పార్టీ ఎందుకు నిలబడదు?

‘రెండూ నచ్చకపోతే మూడో పార్టీ పెట్టుకోవచ్చుగా’ అని మన దగ్గర కూడా అంటుంటారు. అమెరికాలో అలా ప్రయత్నించినవాళ్లకు ఏమైందో చూద్దాం.

1992లో రాస్ పెరో అనే ధనికుడు స్వతంత్రుడిగా అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. దాదాపు 19 శాతం ఓట్లు, అంటే కోటీ 97 లక్షల ఓట్లు వచ్చాయి. ఎలక్టోరల్ కాలేజీలో ఆయనకు దక్కినవి సున్నా. ఒక రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లకే ఆ రాష్ట్ర ఎలక్టర్లంతా దక్కుతారు. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలు మాత్రమే మినహాయింపు. అందుకే ఎన్నికల ప్రచారమంతా ఊగిసలాడే కొన్ని రాష్ట్రాల్లోనే జరుగుతుంది. 2024లో అవి ఏడు. మిగతా చోట్ల ఫలితం ముందే తెలిసిపోతుంది.

2000లో రాల్ఫ్ నేడర్ గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డాడు. ఫ్లోరిడాలో ఆయనకు 97 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. అక్కడ జార్జ్ బుష్ ఆధిక్యం 537 ఓట్లు. దేశం మొత్తం మీద ఐదు లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న అల్ గోర్ ఓడిపోయాడు. ఆనాటి నుంచి మూడో పార్టీ అనే మాట ఎత్తితే చాలు, ‘ఓట్లు చీలుస్తున్నారు’ అన్న నింద. బీఎస్పీకి ఓటేస్తే వృథా, ఫలానా పార్టీకి బీ టీం అని ఇక్కడ మనం వింటూనే ఉన్నాం కదా. మాట అదే, యాస వేరు.

టీవీ చర్చల్లో నిలబడాలన్నా అడ్డంకే. 1987లో రెండు పార్టీలూ కలిసి పెట్టుకున్న చర్చల కమిషన్, 2000 నుంచి సర్వేల్లో 15 శాతం మద్దతు చూపినవారినే పిలిచింది. ప్రచారం లేకపోతే 15 శాతం రాదు. 15 శాతం లేకపోతే ప్రచారం దొరకదు.

జాబితా తయారయ్యేది ఎక్కడ?

అసలు తాళంచెవి ప్రైమరీలో ఉంది. మన దగ్గర టికెట్ ఎవరికివ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది. అమెరికాలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునేందుకు ముందుగా ఒక ఎన్నిక జరుగుతుంది, అదే ప్రైమరీ. పైకి చూస్తే మనకంటే ఎంతో ప్రజాస్వామికం. కానీ న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో ఆ పార్టీ సభ్యులుగా నమోదైనవారికే అందులో ఓటు. ఖర్చు భరించేది మాత్రం ప్రభుత్వ ఖజానా. స్వతంత్ర ఓటరు కట్టే పన్నుతోనే, ఆ ఓటరును బయట నిలబెట్టి ఎన్నిక జరుపుతారు.

పోటీ లేని స్థానాల్లో ప్రైమరీ గెలిస్తే సీటు గెలిచినట్టే. నవంబరులో జరిగేది లాంఛనం. ప్రైమరీలకు వచ్చే ఓటర్లు తక్కువ, వచ్చేవాళ్లలో గట్టి పార్టీ మనుషులు ఎక్కువ. కాబట్టి అభ్యర్థి భయపడాల్సింది వాళ్లకే. నవంబరులో ఓటేసే జనానికి కాదు.

ఈ కిటుకును అమెరికా నల్లజాతి ప్రజలు ఎప్పుడో కనిపెట్టారు. దక్షిణాది రాష్ట్రాల్లో ఒకప్పుడు డెమోక్రాట్లకు ఎదురులేదు. టెక్సస్ 1923లో నల్లజాతివారిని డెమోక్రాటిక్ ప్రైమరీ నుంచి నిషేధిస్తూ చట్టం చేసింది. జనరల్ ఎన్నికలో ఓటు వేసుకోవచ్చు, కానీ ఎవరు గెలుస్తారో అప్పటికే తెల్లవాళ్ల ప్రైమరీలో తేలిపోయి ఉంటుంది. చట్టం కొట్టేస్తే, పార్టీ అనేది ప్రైవేటు సంఘం, మా సభ్యులను మేమే ఎంచుకుంటాం అన్నారు. హ్యూస్టన్‌కు చెందిన లోనీ స్మిత్ వేసిన కేసులో 1944లో సుప్రీంకోర్టు ఈ తెల్ల ప్రైమరీని రద్దు చేసింది.

ఇప్పుడు 1932 సెప్టెంబరు 24 నాటి పూనా ఒడంబడికను గుర్తుచేసుకుందాం. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి, రాష్ట్ర శాసనసభల్లో 148 రిజర్వుడు సీట్లు వచ్చాయి. చాలామంది మరిచిపోయే అంశం మరొకటుంది. అందులోనూ ఒక ప్రైమరీ ఉంది. అణగారిన వర్గాల ఓటర్లు ముందుగా నలుగురిని ఎన్నుకోవాలి. ఆ నలుగురిలో ఒకరిని అన్ని కులాల ఓటర్లూ కలిసి ఎన్నుకుంటారు.

టెక్సస్‌లో జాబితా తెల్లవాళ్లది, చివరి ఓటు పేరుకు అందరిదీ. పూనాలో జాబితా మనది, చివరి మాట సవర్ణులది. అంబేద్కర్ విమర్శ అక్కడే. మనవాళ్ల ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న మనిషి కాక, సవర్ణ ఓటరుకు ఇబ్బంది లేని మనిషే చివరికి గెలుస్తాడని ఆయన ఎత్తిచూపారు. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో మళ్లీ ప్రత్యేక నియోజకవర్గాలు కోరారు. స్వతంత్ర భారతంలో పూనా ప్రైమరీ కూడా లేకుండా పోయింది. ఎన్నికలో రెండు మెట్లుంటాయి: జాబితా చేయడం, అందులోంచి ఎంచుకోవడం. ఒక్క మెట్టు మీద మాత్రమే నిలబడనిస్తే ఓటు సగమే. అమెరికా స్వతంత్ర ఓటరు ఈ రోజు మొరపెట్టుకుంటున్నది ఆ సగం ఓటు గురించే.

బందీ ఓటు

రెండు పార్టీల వ్యవస్థలో మరో చిక్కుంది. ఒక సమూహం ఓట్లన్నీ ఒకే పార్టీకి పడతాయని రెండు పార్టీలకూ తెలిసిపోతే ఏమవుతుంది? ఆ పార్టీ వాళ్ల కోసం కష్టపడదు, ఎక్కడికీ పోరు కదా అని. ఎదుటి పార్టీ కూడా కష్టపడదు, ఎలాగూ రారు కదా అని. పాల్ ఫ్రైమర్ అనే రాజనీతి పరిశోధకుడు 1999లో వచ్చిన తన పుస్తకంలో నల్లజాతి ఓటర్ల పరిస్థితిని ఇలాగే వివరించాడు. తెలుగులో దీన్ని బందీ ఓటు అనొచ్చు.

బానిసత్వం పోయాక నల్లజాతి ఓటర్లు లింకన్ పార్టీ అని రిపబ్లికన్ల వెంట నడిచారు. 1930లలో డెమోక్రాట్ల వైపు మళ్లారు. 1964 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో పదిలో ఎనిమిది, తొమ్మిది ఓట్లు ఆ పార్టీకే. కానీ అదే 1964 ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో ఏం జరిగింది? మిసిసిపి నుంచి తెల్లవాళ్లే నిండిన ప్రతినిధి బృందం డెమోక్రాటిక్ మహాసభకు వచ్చింది. దాన్ని సవాలు చేస్తూ ఫానీ లూ హేమర్ తదితరులు మిసిసిపి ఫ్రీడమ్ డెమోక్రాటిక్ పార్టీ తరఫున వచ్చి న్యాయం అడిగారు. పార్టీ పెద్దలు రెండు సీట్లు ఇస్తామన్నారు. వాళ్లు కాదని తిరస్కరించారు. 2024లో గాజా యుద్ధం మీద నిరసనగా మిషిగన్ డెమోక్రాటిక్ ప్రైమరీలో లక్ష మందికి పైగా ‘ఎవరికీ కాదు’ అనే గడికి ఓటేశారు. ఆ ఆగస్టులో షికాగో మహాసభలో ఒక్క పాలస్తీనా అమెరికన్‌కు మాట్లాడే అవకాశం ఇవ్వమని అడిగితే అదీ దక్కలేదు.

డబ్ల్యూ.ఇ.బి. డుబాయ్ 1956లో ఓటు వేయబోనని బహిరంగంగా రాశారు. రెండు పార్టీల మధ్య తనకు తేడా కనిపించడం లేదని ఆయన వాదన. ఈయనకే 1946లో అంబేద్కర్ ఉత్తరం రాసి, నల్లజాతి ప్రజల తరఫున ఐక్యరాజ్య సమితికి ఇస్తున్న విజ్ఞప్తి ప్రతి పంపమని అడిగారు. ఓటు వేయకపోవడం డుబాయ్ దారి. అలబామాలోని లౌండెస్ కౌంటీ ప్రజలు ఇంకో దారి చూపారు. జనాభాలో దాదాపు 80 శాతం నల్లజాతివారు. 1965 ఆరంభంలో ఓటరు జాబితాలో వాళ్ల పేరు ఒక్కటీ లేదు. ఓటు వచ్చాక డెమోక్రాట్లలో చేరలేదు, సొంత పార్టీ పెట్టుకున్నారు. చదువు రానివారి కోసం ఒక గుర్తు కావాలి కదా, నల్ల చిరుతను పెట్టుకున్నారు. ఆ రాష్ట్ర డెమోక్రాట్ల గుర్తు తెల్ల కోడిపుంజు. 1966లో ఓడిపోయారు. 1970లో వాళ్ల నాయకుల్లో ఒకరైన జాన్ హ్యూలెట్ ఆ కౌంటీ షెరీఫ్‌గా గెలిచారు.

కుల వివక్ష బిల్లు నేర్పిన పాఠం

ఇది మన ప్రవాస దళితులకు నేరుగా తగిలిన విషయం కూడా. కాలిఫోర్నియాలో 2023లో ఆయిషా వహాబ్ అనే డెమోక్రాటిక్ సెనేటర్ కుల వివక్షను స్పష్టంగా నిషేధించే ఎస్‌బీ 403 బిల్లు పెట్టారు. సెనేట్‌లో 34-1తో గెలిచింది, అసెంబ్లీలోనూ గెలిచింది. సంతకం చేయమని దళిత కార్యకర్తలు శాక్రమెంటోలో నిరాహార దీక్ష చేశారు. వీటో చేయమని కొందరు రిపబ్లికన్ సెనేటర్లు గవర్నర్‌ను కోరారు. డెమోక్రాటిక్ గవర్నర్ గావిన్ న్యూసమ్ అక్టోబరు 7న వీటో చేశారు. ఉన్న చట్టాలే సరిపోతాయని కారణం చెప్పారు. బిల్లు పెట్టిందీ, పడగొట్టిందీ ఒకే పార్టీ.

అంతకు ఎనిమిది నెలల ముందు, ఫిబ్రవరి 21న, సియాటిల్ నగర కౌన్సిల్ 6-1 ఓట్లతో కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ప్రతిపాదన తెచ్చిన క్షమా సావంత్ డెమోక్రాట్ కాదు, రిపబ్లికన్ కాదు, సోషలిస్టు. సియాటిల్ కౌన్సిల్ ఎన్నికల్లో బ్యాలెట్ మీద పార్టీ పేర్లుండవు. ప్రైమరీలో అందరూ ఒకే జాబితాలో ఉంటారు, ఓటర్లంతా పాల్గొంటారు, మొదటి ఇద్దరు చివరి పోటీకి వెళ్తారు. అలాంటి ఏర్పాటు ఉన్నచోట పెద్ద పార్టీల బయటి మనిషి గెలవగలిగింది, గెలిచాక మన ప్రశ్నను సభ ముందు పెట్టింది. ఆ ఏర్పాటు ఒక్కటే కారణమని మేం అనడం లేదు. సంఘాలు కట్టి, సాక్ష్యాలు చెప్పి, చలిలో వరుసలో నిలబడిన దళితుల శ్రమ దాని వెనక ఉంది. కానీ ఆ శ్రమ చేరుకోవడానికి ఒక తలుపు తెరిచి ఉంది.

తలుపులు ఎలా తెరుస్తారు?

మెయిన్ రాష్ట్రం 2016లో ప్రాధాన్య ఓటును ఆమోదించింది. ఒక్కరికే టిక్కు పెట్టకుండా 1, 2, 3 అని వరుస ఇవ్వొచ్చు. మీ మొదటి ఎంపిక వెనకబడితే మీ ఓటు రెండో ఎంపికకు వెళ్తుంది. ఓట్లు చీల్చారన్న నిందకు అవకాశం తగ్గుతుంది. అలాస్కా 2020లో ఇంకో అడుగు వేసింది. ప్రైమరీలో అన్ని పార్టీల వాళ్లూ ఒకే జాబితా, ఓటర్లంతా ఓటేస్తారు, మొదటి నలుగురు చివరి పోటీకి వెళ్తారు, అక్కడ ప్రాధాన్య ఓటు. 2022 ఆగస్టు ఉప ఎన్నికలో ఈ పద్ధతిలోనే మేరీ పెల్టోలా గెలిచారు. కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి అలాస్కా ఆదివాసీ ఆమె.

ఇది సులువుగా వ్యాపిస్తుందనుకోవద్దు. 2024లో నెవాడా, కొలరాడో, ఐడహో వంటి రాష్ట్రాల్లో ఇలాంటి ప్రతిపాదనలు ఓడిపోయాయి. పార్టీలు అడ్డుపడటం ఒక కారణం. కొత్త పద్ధతి గందరగోళమని ఓటర్లు జంకడం ఇంకొకటి. అలాస్కాలోనూ పాత పద్ధతికి పోదామన్న ప్రతిపాదన వెయ్యి ఓట్ల లోపు తేడాతోనే వీగిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెండు పార్టీల మీదా కోపం ఉండటం వేరు, రెండూ ఒకటే అనడం వేరు. 2013లో సుప్రీంకోర్టు ఓటు హక్కు చట్టంలోని కీలక రక్షణను తొలగించింది. మెజారిటీలోని ఐదుగురు న్యాయమూర్తులూ రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారే. దాన్ని పునరుద్ధరించే బిల్లును డెమోక్రాట్లు తెచ్చారు. 2022 జనవరిలో సెనేట్ నిబంధన మార్చడానికి ఒప్పుకోక ఆ బిల్లుకు దారి మూసింది మాత్రం వాళ్లలోనే ఇద్దరు, జో మాంచిన్, కిర్‌స్టెన్ సినెమా. ఆ ఇద్దరూ తర్వాత పార్టీ వదిలి స్వతంత్రులమని ప్రకటించుకున్నారు! స్వతంత్రం అన్న పేరు చూసి మురిసిపోవాల్సిన పని లేదు. ఎవరి నుంచి స్వతంత్రం, ఎవరి కోసం స్వతంత్రం అని అడగాలి.

అదే ప్రశ్న మన ముందూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 29, తెలంగాణలో 19 అసెంబ్లీ స్థానాలు ఎస్సీలకు రిజర్వు అయ్యాయి. సాధారణంగా అక్కడ మన ఓట్లు సగం ఉండవు. బీ-ఫారం ఎవరికివ్వాలో మన వాడల్లో తేలదు. అలా గెలిచిన ఎమ్మెల్యే కారంచేడు, చుండూరు లాంటిది మళ్లీ జరిగినా తనకు టికెట్ ఇచ్చినవాళ్ల ముఖం చూస్తే ఆశ్చర్యం లేదు. ఓటు ఎవరికి వేయాలన్న చర్చ మన మీటింగుల్లో ఎప్పుడూ జరుగుతుంది. ఆ పేర్లు ఎవరు రాశారు, ఎవరిని అడిగి రాశారు అన్న చర్చ నోటిఫికేషన్‌కు ఆరు నెలల ముందే జరగాలి. అభ్యర్థి పేరు ఖరారు కాకముందే వాడవాడలా కూర్చుని మన పేర్లు మనం చెప్పడానికి ఏ చట్టం అనుమతీ అక్కర్లేదు. పార్టీలు వింటాయా అంటే, వినకపోతే మన ఓటు ఎటు పోతుందో వాళ్లకు ముందే తెలియనంత వరకే వింటాయి.